వార్ధక్యానికి ఇల్లే తొలి పథ్యం

మోకాళ్ల నొప్పులకు ఏ తైలం మంచిది, నిద్ర పట్టడానికి ఏ చూర్ణం వాడాలి, మలబద్ధకానికి త్రిఫల ఎంత మోతాదులో తీసుకోవాలి అని వృద్ధుల తరఫున అడిగేవారు అనేకులు. మా తండ్రిగారి వయస్సుకు మా స్నానాలగది తగినదేనా అని అడిగేవారు మాత్రం బహు అరుదు. ఔషధాలపై చూపే శ్రద్ధలో కొంతైనా ఇంటి అమరికపై చూపితే, మన పెద్దలలో చాలామంది మరికొన్ని సంవత్సరాలు తమ ఇంట తామే, తమ పనులు తామే చేసుకుంటూ బ్రతుకగలరని నా దృఢాభిప్రాయం. ఇల్లు కూడ పథ్యంలో భాగమే. పథ్యం తప్పినచోట మందు పనిచేయదన్న సంగతి ఈ పత్రిక పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

నేటి మధ్యతరగతి కుటుంబాల స్థితి చూడండి. పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉంటారు. తల్లిదండ్రులు తాము కట్టుకున్న ఇంట్లో, పాలవాడి మొదలు పూజారి వరకు అందరూ తెలిసిన వీధిలో ఉంటారు. ఒకనాడు తల్లికి స్నానాలగదిలో కాలు జారుతుంది. తుంటి ఎముక విరుగుతుంది. శస్త్రచికిత్స అవుతుంది. ఆపైన, ఇక ఒంటరిగా ఉండడానికి వీల్లేదని పిల్లలు నిర్ణయిస్తారు. ఇంటికి తాళం పడుతుంది. దంపతులిద్దరూ ఎనిమిదో అంతస్తులోని ఫ్లాటులో, ఎవరూ పలకరించని వరండాలో కూర్చుంటారు. ఇంత మార్పుకు కారణమైన ఆ నేలను గురించి మాత్రం ఎవరూ ఆలోచించరు.

ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. 2011 జనాభా లెక్కలలోనే మన దేశంలో అరవై ఏళ్లు దాటినవారు పదికోట్లకు పైబడ్డారు. పడిపోవడం వలన ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తెలిపింది. వారిలో అధికులు వృద్ధులే.

శాస్త్రం ఏమంటున్నది?

బాల్యంలో కఫం, మధ్యవయస్సులో పిత్తం, వార్ధక్యంలో వాతం ప్రబలంగా ఉంటాయని ఆయుర్వేదం చెబుతుంది. వాతం పెరిగినప్పుడు కీళ్లు బిగుస్తాయి, కండ క్షీణిస్తుంది, ఎముక గుల్లబారుతుంది, అడుగు తడబడుతుంది. ఇవన్నీ సహజమైన మార్పులు. వీటిని తైలంతో, ఆహారంతో, తగిన వ్యాయామంతో నెమ్మదింపజేయవచ్చునే గాని పూర్తిగా ఆపలేము. శరీరాన్ని మార్చలేనప్పుడు పరిసరాన్ని మార్చాలి. రోగకారణాన్ని తొలగించడమే చికిత్సలో మొదటి మెట్టని మన ఆచార్యులు బోధించారు. దానినే నిదాన పరివర్జనమన్నారు. జారే నేల, చీకటి నడవ, ఎత్తైన మెట్టు నిదానాలే. వాటిని ఉంచుకొని విరిగిన ఎముకకు లేపనం వేయడం శాస్త్రసమ్మతం కాదు.

చరకసంహిత సూత్రస్థానం పదిహేనవ అధ్యాయంలో రోగి నివసించే గృహం ఎలా ఉండాలో వర్ణన ఉంది. అది దృఢంగా ఉండాలి, ఈదురుగాలి తగలకుండా ఒక ప్రక్క నుండి గాలి రావాలి, లోపల సుఖంగా నడవగలిగేటట్లుండాలి, స్నానానికీ మలవిసర్జనకూ వంటకూ తగిన చోట్లు అమరి ఉండాలి అని ఆచార్యుడు చెప్పాడు. మందుల పట్టికకన్నా ముందు ఇంటి వర్ణన రావడం గమనింపదగినది. ఆ గ్రంథమే ఐదవ అధ్యాయంలో చేతికర్రను ప్రశంసిస్తూ, తడబడేవానికి అది నిలకడనిస్తుందని, భయాన్ని పోగొడుతుందని చెప్పింది. రాత్రివేళ అత్యవసరమైన పని ఉంటేనే, కర్ర పట్టుకొని, తలకు చుట్టుకొని, తోడుతో వెళ్లాలని వాగ్భటుడు అష్టాంగహృదయంలో నియమం పెట్టాడు. నేడు మన వృద్ధులు రాత్రి మూడుసార్లు లేచి, కర్ర లేక, దీపం లేక, తోడు లేక మరుగుదొడ్డికి వెళుతున్నారు.

స్నానాలగది

ఇంటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన స్థలమిది. నున్నటి టైల్సు, సబ్బునీరు, కుంకుడు రసం, పైగా ఒంటికి నూనె. నిత్యం అభ్యంగనం చేయమని, ముఖ్యంగా తలకు, చెవులకు, పాదాలకు నూనె పట్టించమని శాస్త్రం చెప్పింది. అది మంచిదే. కాని అరికాళ్లకు నువ్వులనూనె పట్టించుకొని తడి టైల్సుపై నడవమని ఏ ఆచార్యుడూ చెప్పలేదు. అభ్యంగనం గదిలో కుర్చీపై కూర్చొని చేసుకొని, పాదాలను శనగపిండితోనో సున్నిపిండితోనో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, ఆపైన లేవాలి. స్నానం కూడ కూర్చొనే చేయాలి. పల్లపు పీటపై నుండి లేవడం మోకాళ్లకు శిక్ష. రబ్బరు అడుగులున్న, గట్టిగా నిలిచే, కుర్చీ ఎత్తు బల్ల కావాలి.

గోడకు స్టీలు కమ్మీలు బిగించాలి. మరుగుదొడ్డి ప్రక్కన ఒకటి, స్నానం చేసేచోట ఒకటి, ద్వారం దగ్గర ఒకటి. తువ్వాలు వేసే కడ్డీని పట్టుకొని లేవడం చాలామందికి అలవాటు. అది తువ్వాలు బరువుకు బిగించినదే గాని మనిషి బరువుకు కాదు. కమ్మీ మరలు టైలు దాటి ఇటుక గోడలో లోతుగా దిగాలి. బిగించిన పిమ్మట ఇంటిలో బరువైన యువకుని చేత లాగించి చూడాలి.

మరుగుదొడ్డి విషయంలో కొంత చెప్పాలి. గొంతుకు కూర్చొనే పద్ధతి మలవిసర్జనకు అనుకూలమే. అయితే మోకాళ్లు అరిగినవారు కూర్చొన్న తరువాత లేవలేక, ఆ భయంతో ప్రొద్దుటి వేగాన్నే వాయిదా వేస్తారు. అట్టివారికి సుమారు 18 అంగుళాల ఎత్తు గల కమోడు అవసరం. దానిపై కూర్చొన్నప్పుడు పాదాల క్రింద చిన్న పీట వేసుకుంటే విసర్జన సులభమవుతుంది. లేచేముందు ఆ పీటను ప్రక్కకు జరపాలి.

ద్వారం లోపలికి తెరచుకోవడం మరొక దోషం. లోపల మనిషి పడిపోతే ఆ శరీరమే తలుపుకు అడ్డవుతుంది. తలుపు బయటకు తెరచుకోవాలి. గడియ బయటినుండి కూడ తీయగలిగేదై ఉండాలి. వడ్రంగికి ఒక పూట పని. ఒక ప్రాణానికి అదే మేలు చేయవచ్చు.

రాత్రివేళ

వయస్సు పెరిగిన కంటికి వెలుతురు ఎక్కువ కావాలి. చీకటికి కన్ను అలవాటు పడడానికి సమయమూ ఎక్కువ పడుతుంది. మంచం నుండి మరుగుదొడ్డి వరకు మోకాలి ఎత్తులో చిన్న దీపాలు రాత్రంతా వెలుగుతూ ఉండాలి. మంచంపై నుండే చేయి అందేటట్లు ఒక స్విచ్చి ఉండాలి. కరెంటు పోయినా వెలిగే దీపమొకటి తలదాపున ఉంచాలి. నిద్రలేచిన వెంటనే నిలబడరాదు. కాళ్లు క్రిందకు వేలాడవేసి కొద్ది నిమిషాలు కూర్చొని, ఆపైన లేవాలి. రక్తపోటుకు, నిద్రకు మాత్రలు వేసుకునేవారికి ఈ జాగ్రత్త మరింత ముఖ్యం. మాత్రలు మొదలుపెట్టిన తరువాత తల తిరుగుతుంటే వైద్యునికి చెప్పాలి. తామే మానివేయరాదు.

చీకటి నడవకు భయపడి సాయంత్రం నుండి నీళ్లు త్రాగడం మానినవారిని, మూత్రాన్ని తెల్లవారేదాకా బిగబట్టినవారిని నేను ఎందరినో చూచాను. ఆపరాని వేగాలు పదమూడని చరకుడు లెక్కించాడు. వాటిలో మూత్రవేగం ముందువరుసలోనిది. దాహం అణచుకోవడం కూడ ఆ పట్టికలోనిదే. అంటే ఒక చిన్న దీపం లేకపోవడం వలన రెండు వేగాలు ఒకేసారి నిరోధింపబడుతున్నాయి. మలబద్ధకం, మూత్రకోశ వ్యాధులు వస్తే చూర్ణాలు వెతుకుతున్నాము.

మంచం కూడ చూడాలి. అంచున కూర్చొన్నప్పుడు పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. కుంగిపోయిన నవారు మంచం, వాలుగా ఉండే పడకకుర్చీ విశ్రాంతికి హాయిగా ఉన్నా లేవడానికి కష్టం. చేతులున్న గట్టి కుర్చీ ఒకటి ప్రతి గదిలో ఉంచడం మేలు.

గడప, వంటిల్లు, పెరడు

గడప తీసివేయమంటే మన ఇళ్లలో ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోనక్కరలేదు. పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టిన గడప దూరం నుండే కనబడుతుంది. నేల రంగులోనే ఉన్న నల్లని గ్రానైటు గడపకే కాలు తగులుతుంది. ఆచారంలో ఒక రక్షణ కూడ ఉన్నదని గ్రహించి సింహద్వారానికి పసుపు నిలుపుకోవాలి. లోపలి గదుల మధ్యనున్న అనవసరపు ఎత్తులను చదును చేయాలి. చక్రాల కుర్చీకో, వాకరుకో వాలు కట్టవలసి వస్తే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. ఆరంగుళాల మెట్టుకు ఆరడుగులన్నమాట. తక్కువ స్థలంలో నిటారుగా కట్టిన వాలు మెట్టుకన్నా ప్రమాదం.

వంటింటిలో నిత్యం వాడే పాత్రలు, పప్పుల డబ్బాలు నడుముకు భుజానికి మధ్య ఎత్తులో ఉండాలి. అటక మీది ఆవకాయ జాడీ కోసం స్టూలు ఎక్కరాదు. అమ్మను వంట మానుమనడం కన్నా, ఆమె కూర్చొని కూరలు తరిగేందుకు ఎత్తైన బల్ల, కుర్చీ అమర్చడం మంచిది. చేతిలో పని ఉన్నంతకాలం కండలో బలం, మనస్సులో ధైర్యం ఉంటాయి. పని లాగివేసిన ఇల్లు ఆసుపత్రి అవుతుంది.

పెరటిలో వానకాలపు పాచిని వారానికొకసారి గీకి కడగాలి. అరిగిన హవాయి చెప్పులు, నేలను ఊడ్చే పంచె అంచు, జారిపోయే కుచ్చెళ్లు, మడతపడిన గోనెపట్టా, గది మధ్యలో పరచిన వైరు, ఇవన్నీ పైసా ఖర్చు లేకుండా తొలగింపదగిన నిదానాలు.

కొన్ని అభ్యంతరాలు

కమ్మీలు పెడితే ఇల్లు ఆసుపత్రిలా ఉంటుందని కొందరంటారు. మెట్లకు కమ్మీ ఉంటే అలా అనుకోము గదా! వాస్తు చెడుతుందని మరికొందరి శంక. కమ్మీకి, దీపానికి, బయటకు తెరచే తలుపుకు దిక్కులతో పని లేదు. కర్ర పట్టుకుంటే ముసలివాడిననుకుంటారని పెద్దలే సిగ్గుపడతారు. చరకుడు కర్రను ముసలితనపు గుర్తుగా గాక దినచర్యలో భాగంగా చెప్పాడని వారికి గుర్తుచేయాలి.

మా దగ్గరకే తీసుకొనివస్తాము, ఈ ఖర్చంతా ఎందుకు అనే పిల్లల మాటలో ప్రేమ ఉంది, కాదనను. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం పిల్లలపై పోషణ బాధ్యత ఉంచింది. అయితే పోషణ అంటే అన్నవస్త్రాలతో సరిపోదు. తలుపు తాళం తన కొంగున ఉండడం, తన పొద్దు తాను గడుపుకోవడం కూడ ఒక పోషణే. జ్ఞాపకశక్తి బాగా క్షీణించినవారు, మంచం దిగలేనివారు ఒంటరిగా ఉండరాదు, నిజమే. వారికి కమ్మీలు చాలవు, మనుషులు కావాలి. కాని ఒక్క జారుడు నేల కారణంగా చక్కగా తిరుగుతున్న మనిషిని ఆ కోవలో చేర్చడం అన్యాయం.

ప్రభుత్వాలూ ఈ దిశగా ఆలోచించాలి. 2024లో ఆయుష్మాన్ భారత్ పథకాన్ని డెబ్బయి ఏళ్లు దాటిన వారందరికీ విస్తరించి, కుటుంబానికి ఏటా ఐదులక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్సకు వీలు కల్పించారు. సంతోషించదగినదే. జపాను తన దీర్ఘకాల సంరక్షణ బీమాలో కమ్మీలకు, చదును నేలకు, ఇంటి మార్పులకు కూడ రెండులక్షల యెన్ల పరిమితిలో సహాయమందిస్తున్నది. విరిగిన తుంటికి డబ్బున్న వ్యవస్థలో, విరగకుండా కాపాడే కమ్మీకి కూడ చోటుండాలి.

అంతవరకు మన ఇంటి బాధ్యత మనదే. తరువాతి లేహ్యపు సీసా కొనేముందు ఒక సాయంత్రం మీ పెద్దల వెంట ఇల్లంతా నడవండి. మీరు చెప్పవద్దు, వారిని చెప్పనివ్వండి. ఎక్కడ ఆగుతున్నారో, ఎక్కడ గోడ తడుముతున్నారో చూడండి. సున్నపు గోడపై చేతిమరకలు పడి నల్లబడిన చోటు ఒకటో రెండో తప్పక కనబడుతుంది. ఎన్నో నెలలుగా వారు ఆధారం వెతుక్కుంటున్న చోటదే. మొదటి కమ్మీ అక్కడ బిగించండి.