పడవకి ఊరి పేరు పెడదాం



మనందరం చందాలేసుకుని కొన్న మర పడవకి ఏం పేరు పెట్టాలని నాలుగు రోజులుగా గ్రూపులో ఒకటే గొడవ. సినిమా హీరో పేరని కొందరు, ఎక్కువ చందా ఇచ్చిన నాయకుడి పేరని కొందరు, గంగమ్మ అని పెద్దోళ్ళు. "పేరుదేముంది, ముందు ఇంజిన్ చూడండి" అని ఒక తమ్ముడు పెట్టాడు. ఇంజిన్ చూడాల్సిందే. పేరుదేముంది అనే మాట మాత్రం నేను ఒప్పుకోను.

2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర మునిగిన టూరిస్టు బోటు పేరు రాయల్ వశిష్ఠ అని అందరికీ తెలుసు. (వశిష్ఠ అంటే ధవళేశ్వరం దిగువన విడిపోయే పాయ. మన కొండల మధ్య ఉన్నది పాయలు చీలని గోదారి.) ఆ రోజు 26 మంది బతికి బయటపడ్డారు. వాళ్ళ కోసం చిన్న పడవలేసుకుని ముందు సుడిలోకి పోయింది ఆ ఒడ్డు ఊళ్ళ గిరిజనులే. ఆ పడవల పేర్లు మీలో ఎవరైనా చెప్పగలరా? వాటికి పేర్లే లేవు. అందుకే ఎక్కడ చూసినా "స్థానికులు కాపాడారు" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టారు. మునిగిన బోటుకి పేరుంది, కాపాడిన పడవకి లేదు. నాకు ఇది చిన్న విషయంలా అనిపించడం లేదు.

మన పడవ కొన్నదే వరద కోసం. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటినప్పుడు వేలేరుపాడు, కుక్కునూరు వైపు ఊళ్ళు ఎలా ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. రేపు మన పడవ ఎవరినైనా ఒడ్డుకి చేరిస్తే, ఏ పడవ అని అడిగినప్పుడు చెప్పే పేరు మనదై ఉండాలి.

గాం గంటం దొర పేరు పెడదామన్న అన్న మాట నాకు నచ్చింది. రంప పోరాటమంటే అల్లూరి ఒక్కడే గుర్తొస్తున్నాడు, జిల్లాకి కూడా ఆయన పేరే పెట్టారు, గంటం దొర పేరు ఎక్కడుంది? కానీ అలాంటి పేరు హాస్టల్‌కో, లైబ్రరీకో బాగుంటుంది. కోయ మాటతో పేరు పెడదామన్న చెల్లి ఆలోచనా మంచిదే. అయితే మనలో కొండరెడ్లు ఉన్నారు, వాళ్ళ ఇంటి భాష తెలుగు. అందరిదీ అనిపించే పేరు కావాలంటే నాకు కనిపించేవి ఊళ్ళ పేర్లే.

పోలవరం ప్రాజెక్టు పనుల దగ్గర అందరికన్నా ముందు ఖాళీ అయిన ఊళ్ళు చూడండి. మామిడిగొంది, దేవరగొంది, తోటగొంది, పైడిపాక, చేగొండిపల్లి, సింగన్నపల్లి, రామయ్యపేట. గొంది అంటే కొండల మధ్య ఇరుకు చోటు. ఆ పేరు వింటే ఊరు ఎలా ఉండేదో సగం తెలుస్తుంది. ఇప్పుడా జనం కాలనీల్లో ఉన్నారు. అక్కడ పుట్టిన పిల్లలకి ఊరంటే వీధి నంబరు, ఇంటి నంబరు. నా ఓటు మామిడిగొందికి. అవతలి ఒడ్డు నుంచి చివర సాగదీసి పిలిస్తే ఇంజిన్ చప్పుడులో కూడా వినబడుతుంది, కావాలంటే పిలిచి చూడండి.

పోయిన ఊరి పేరు పడవకి పెడితే అపశకునం అని ఒక పెద్దాయన అన్నారు. ఆ భయాన్ని నేను ఎగతాళి చెయ్యను. ఆ ఊరి పెద్దల్ని, పూజారిని అడుగుదాం. వాళ్ళు వద్దంటే వద్దు, ఇంకో ఊరు చూసుకుందాం. సరే అంటే ఆ ఊరి అవ్వలే వచ్చి కొబ్బరికాయ కొట్టి పడవని నీళ్ళలోకి దింపాలి. నాయకుడికి మైకు ఇవ్వొద్దు.

పేరు ముందు భాగంలో రెండు వైపులా తెలుగులో, ఒడ్డు నుంచి కనబడేంత పెద్దగా రాయించాలి. దాని కిందే రిజిస్ట్రేషన్ నంబరు, ఎంతమంది ఎక్కొచ్చో ఆ లెక్క. స్టిక్కర్ వద్దు, రెండు వానలకే ఊడిపోతుంది. పెయింటర్ ఆదివారం వస్తానన్నాడు. కాలనీకి వెళ్ళి పెద్దల్ని అడిగి రావడానికి శుక్రవారం నాతో ఎవరు వస్తారో కింద పెట్టండి.