సంచిపై పేరు మారితే సాగులో ఏమి మారుతుంది?

గుంటూరు చెంతనున్న లాం గ్రామంలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానాన్ని చుట్టుపక్కల రైతులు నేటికీ ‘లాం ఫారం’ అనే పిలుస్తారు. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంగా ఏర్పడిన సంస్థకు 1996లో ఆచార్య ఎన్.జి. రంగా గారి పేరు పెట్టారు. ఈ రెండు పేర్లలో ఏదీ రైతు నోటి నుండి ‘లాం ఫారం’ను తప్పించలేకపోయింది. ఆ మాట వెనుక ఉన్నది భవనమో బోర్డో కాదు, అక్కడి నుండి వచ్చిన మిరప, పత్తి రకాలతో ఏర్పడిన అనుభవం. అలవాటైన పేరును మార్చడం వివేకమా, కాదా అన్న ప్రశ్నను వ్యవసాయ ఉపకరణాల విషయంలో పరిశీలించేటప్పుడు ఈ చిన్న సంగతిని గుర్తుంచుకోవడం మంచిది.

ఇటీవలి కాలంలో ఈ ప్రశ్నను మన ముందుకు తెచ్చినది ‘ఒకే దేశం – ఒకే ఎరువు’ విధానం. కేంద్ర ఎరువుల శాఖ 2022 ఆగస్టు 24న జారీ చేసిన ఉత్తర్వు ప్రకారం రాయితీపై అమ్మే ఎరువులన్నీ భారత్ యూరియా, భారత్ డి.ఏ.పి., భారత్ ఎం.ఓ.పి., భారత్ ఎన్.పి.కె. అనే ఉమ్మడి పేర్లతో రావాలి. అదే సంవత్సరం అక్టోబరు 2 నుండి ఇది అమలులోకి వచ్చింది. సంచిపై మూడింట రెండు వంతుల స్థలం ఉమ్మడి పేరుకు, పథకం చిహ్నానికి కేటాయించగా, తయారీదారు పేరు, చిహ్నం, చట్టప్రకారం ముద్రించవలసిన వివరాలు మిగిలిన ఒక వంతులో సర్దుకోవలసి వచ్చింది. విశాఖపట్నం, కాకినాడ కర్మాగారాల నుండి వచ్చే గ్రోమోర్ సంచులను దశాబ్దాలుగా చూస్తున్న కోస్తా రైతుకు ఇది చిన్న మార్పు కాదు. ఆ పేరు సంచి ముఖభాగం నుండి ఒక మూలకు జరిగింది. ‘మన గ్రోమోర్’ దుకాణాల బోర్డులపై మాత్రం యథాతథంగా నిలిచింది.

ఈ మార్పుకు ప్రభుత్వం చూపిన కారణాన్ని తేలికగా కొట్టివేయలేము. యూరియా ఏ కర్మాగారంలో తయారైనా అందులోని నత్రజని 46 శాతమే. అయినా ఒక ప్రాంతంలో ఒక కంపెనీ పేరుకు గిరాకీ ఉన్నందువలన, దగ్గరి కర్మాగారపు ఎరువు దూరానికి, దూరపు కర్మాగారపు ఎరువు దగ్గరికి ఎదురెదురుగా ప్రయాణిస్తున్నది. ఆ రవాణా ఖర్చు రాయితీ రూపంలో చివరకు ప్రజాధనం పైనే పడుతుంది. మరొక వంక, పేరు కోసం పోటీ పడే కంపెనీలు భూసార పరీక్షలు, ప్రదర్శన క్షేత్రాలు, క్షేత్ర దినోత్సవాలు నిర్వహించేవి. సంచిపై తన పేరు చిన్నదైనప్పుడు అటువంటి వాటిపై ఖర్చు చేయాలన్న ఉత్సాహం సన్నగిల్లుతుందన్న విమర్శలోనూ న్యాయం ఉన్నది.

నా అభిప్రాయంలో చర్చ ఇక్కడే ఆగిపోకూడదు. ఒక వ్యాపార నామం రైతుకు మూడు పనులు చేసిపెడుతుంది. సంచిలో ఉన్నదేమిటో చెబుతుంది. తేడా వస్తే ఎవరిని అడగాలో చెబుతుంది. గత సంవత్సరపు అనుభవాన్ని ఈ సంవత్సరపు కొనుగోలుకు ముడివేస్తుంది. పాత పేరును తొలగించేవారు ఈ మూడు పనులను మరొక దానికి అప్పగించినట్లయితే ఆ మార్పు వివేకవంతమైనదే. అప్పగించకుండా తొలగిస్తే దాని నష్టాన్ని భరించేది కంపెనీ కాదు, ప్రభుత్వం కాదు, సాగుదారు.

అంకెలు నిలబెట్టిన జ్ఞాపకం

ఎరువుల విషయంలో గుంటూరు, ప్రకాశం రైతు మనం అనుకున్నదానికంటే ముందున్నాడు. ఎరువుల కొట్టులో ఆయన అడిగే తీరు వినండి: “రెండు కట్టలు ఇరవై ఎనిమిది – ఇరవై ఎనిమిది, ఒక కట్ట పద్నాలుగు – ముప్పై అయిదు వేయండి.” ఆయన నోట ఉన్నది పోషకాల నిష్పత్తి. 28-28-0, 14-35-14, 10-26-26 అన్న అంకెలే ఇక్కడ వాడుక పేర్లయినాయి. కంపెనీ పేరు వాటికి ఇంటిపేరు వంటిది. అందువలననే సంచి ముఖచిత్రం మారినా కొనుగోలు పెద్దగా తడబడలేదు. పాత పేరు చేసిన మొదటి పనిని అంకె అప్పటికే చేపట్టి ఉన్నది.

అయితే అంకెను పలకడం వేరు, దాని అర్థం తెలియడం వేరు. నీటి వసతి గల మిరపకు ఎకరాకు 120 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 48 కిలోల పొటాష్ సిఫారసు ఉన్నది. 50 కిలోల డి.ఏ.పి. కట్ట ఒక్కటే 23 కిలోల భాస్వరాన్ని, 9 కిలోల నత్రజనిని ఇస్తుంది. అంటే భాస్వరం అవసరం దాదాపు తీరినట్లే. అదే 14-35-14 మూడు కట్టలు వేస్తే భాస్వరం 52 కిలోలు దాటుతుంది. సిఫారసుకు రెండింతల పైమాటే. ఈ లెక్క రైతు చేతికి అందితే సంచిపై ఏ పేరున్నా నష్టం లేదు. అందకపోతే ఎంత మంచి పేరున్నా లాభం లేదు.

రెండవ పని విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1985 ప్రకారం నాణ్యతకు జవాబుదారీ తయారీదారుడే. గుళికలు గడ్డకట్టినా, నమూనా పరీక్షలో పోషకం తగ్గినా పట్టుకోవలసింది ఆ పేరునే. అటువంటి పేరు కంటికి ఆనని అక్షరాలలో ఒక మూలన ఉండటం సమంజసం కాదు. ఇక సంచి రంగును, బొమ్మను చూసి గుర్తుపట్టే కూలీలు పొలం గట్టున ఒకే పోలికలో ఉన్న సంచుల మధ్య పొరబడే ప్రమాదమూ ఉన్నది. ఉమ్మడి పేరు ఉండవచ్చు. కాని ఎరువుకొక స్పష్టమైన రంగు, పెద్ద అక్షరాలలో పోషకాల అంకెలు, తెలుగులో తయారీదారు పేరు తప్పనిసరి కావాలి.

పురుగుమందులలో పరిస్థితి వేరు

మందుల కొట్టులో ఈ అంకెల ఆసరా లేదు. అక్కడ జ్ఞాపకమంతా వ్యాపార నామం మీదనే వేలాడుతున్నది. రైతు ‘కాన్ఫిడార్’ అంటాడే గాని ఇమిడాక్లోప్రిడ్ అనడు. ‘కొరాజన్’ అంటాడే గాని క్లోరాంట్రానిలిప్రోల్ అనడు. పత్తిలో పచ్చదోమ అదుపులోకి రాలేదని కాన్ఫిడార్ మాని అడ్మైర్ కొన్న రైతు, తాను మందు మార్చాననే భావిస్తాడు. రెండింటిలో ఉన్నది ఇమిడాక్లోప్రిడే. మొదటిది 17.8 శాతం ద్రవం, రెండవది 70 శాతం గుళికలు కనుక మోతాదు మాత్రం పూర్తిగా వేరు. అట్లే కాయతొలుచు పురుగుపై ఒకసారి కొరాజన్, మరొకసారి ఫేమ్ పిచికారీ చేసినవారు రసాయనాన్ని మార్చినా, పురుగుపై అది పనిచేసే తీరును మార్చలేదు. రెండూ 28వ వర్గానికి చెందినవే. పురుగులో నిరోధకశక్తి పెరగడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

కంపెనీలు చేతులు మారినప్పుడు ఈ సమస్య మరింత స్పష్టమవుతుంది. సీబా–గైగీ, సాండోజ్ కలిసి 1996లో నోవార్టిస్ అయినాయి. దాని వ్యవసాయ విభాగం 2000లో సింజెంటాలో చేరింది. 2017లో కొరాజన్ డ్యూపాంట్ నుండి ఎఫ్.ఎం.సి. చేతికి వెళ్ళింది. యజమాని మారినా సీసాపై పేరు మారలేదు కనుక మిరప రైతుకు ఆ మార్పు తెలియనేలేదు. 2018లో బేయర్ సంస్థ మోన్‌శాంటోను కొని, ఆ పేరును వదలివేసింది. పత్తి రైతును అది కలవరపెట్టలేదు. ఆయన ఎరిగినది విత్తన సంకరం పేరు, ‘బోల్‌గార్డ్’ అన్న మాట మాత్రమే, అవి అలాగే ఉన్నాయి. కంపెనీ పేరు మారడం కంటే సరుకు పేరు మారడమే రైతుకు బరువైనదని ఈ ఉదాహరణలు తెలుపుతున్నాయి.

అసలు పేరే లేని సరుకు సంగతి ఇంకా ప్రమాదకరం. అనుమతి లేని కలుపుమందు తట్టుకొనే పత్తి విత్తనం ముద్రలేని పొట్లాలలో చేతులు మారుతున్నప్పుడు, నమ్మకానికి అమ్మేవాని మాట తప్ప వేరే ఆధారం ఉండదు. మొలక రాకపోతే ఫిర్యాదు చేయడానికి పేరూ లేదు, రసీదూ లేదు. 2021–22లో మిరప పూతను కొత్త జాతి తామర పురుగులు కమ్మినప్పుడు, పేరు మార్చి పేరు కొనుక్కుంటూ పిచికారీలు చేసిన రైతులను మనమందరం చూశాము. వారిలో ఎందరు ఒకే రసాయనాన్ని రెండు మూడు ధరలకు కొన్నారో లెక్క తేల్చేవారు లేరు. వారి దగ్గర మిగిలినవి గట్టున ఖాళీ సీసాలు, పుస్తకంలో అప్పు.

విస్తరణ సిబ్బంది చేయవలసినది

పై పరిశీలన వలన నేను చేరుకున్న నిర్ణయం ఇది. యూరియా, డి.ఏ.పి., పొటాష్ వంటి నిర్ణీత పోషకాలు గల ఎరువులలో వ్యాపార నామాన్ని వెనుకకు నెట్టడం సమర్థనీయమే. కాంప్లెక్స్ ఎరువులలో ‘భారత్ ఎన్.పి.కె.’ అన్న పేరు కంటే నిష్పత్తి అంకెలు ప్రముఖంగా ఉన్నప్పుడే అది క్షేమం. పురుగుమందులలో అలవాటైన పేరును హఠాత్తుగా తొలగించడం అవివేకం. మార్చక తప్పనప్పుడు కనీసం రెండు మూడు పంటకాలాల పాటు పాత పేరు, కొత్త పేరు, రసాయనం పేరు ఒకే వరుసలో, ఒకే పరిమాణంలో ముద్రించాలి.

చట్టం ఎట్లున్నా మన చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి. సిఫారసులను రసాయనం పేరు, దాని శాతంతో వ్రాసి, పక్కన వాడుక పేరును గుర్తు కోసం మాత్రమే చెప్పాలి. పొలంబడిలో ఒక పూట ఖాళీ సంచులు, సీసాలు ముందు పెట్టి చదివించాలి. కొన్న ప్రతిసారి రసీదుపై రసాయనం పేరు వ్రాయించుకొనే అలవాటు చేయాలి. విద్యార్థులు తమ గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమంలో ఒక గ్రామాన్ని తీసుకొని, రైతులు ఏ మందును ఏ పేరుతో పిలుస్తున్నారో పట్టిక తయారుచేస్తే అది మంచి పరిశోధనకు నాంది కాగలదు. రైతు మాట తెలియకుండా మన మాట ఆయనకు చేరదు.

పేర్లు మారుతూనే ఉంటాయి. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లా 1972లో ప్రకాశం జిల్లా అయినది. నేల నల్లరేగడిగానే ఉన్నది. సంచిపై పేరు రాసే అధికారం రైతుకు లేదు. సంచిలోని సరుకును చదివి తెలుసుకొనే శక్తిని ఆయనకు సమకూర్చడం మాత్రం మన బాధ్యత. ఆ శక్తి ఉన్నచోట ఏ పేరు మార్పయినా కంపెనీకి సంబంధించిన సంగతిగా మిగిలిపోతుంది. అది లేనిచోట ప్రతి కొత్త పేరూ రైతుకు ఒక కొత్త ఖర్చు అవుతుంది.