నడిగడ్డకు రెండో విత్తనం కావాలి
చిన్న, సన్నకారు రైతులకు, గ్రామసభలకు, సహకార సంఘాలకు విన్నపం

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల, అలంపూర్ ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. రెండు నదులు పక్కనే పారుతున్నా ఇక్కడి చిన్న రైతు సేద్యంలో చాలా భాగం వానమీదే నడుస్తోంది. రాజోలిబండ మళ్లింపు పథకం ఎడమ కాలువ కింద 87,500 ఎకరాల ఆయకట్టును నిర్ణయించినా చివరి భూములకు నీరు చేరకపోవడం వల్లనే 2018లో తుమ్మిళ్ల ఎత్తిపోతల అవసరమైంది. 2009లో వానాకాలమంతా కరవుతో గడిచి, అక్టోబరు మొదట్లో వచ్చిన వరద అలంపూర్‌ను, రాజోలిని ముంచింది. ఏడాది మొత్తం వానకన్నా అది ఎప్పుడు, ఎంత విరామంతో కురుస్తుందన్నదే పంటను నిర్ణయిస్తుందనడానికి అంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

తొలకరికి నల్లరేగడి పైపైన తడిసినప్పుడు వేసిన పత్తి గింజ ఉబ్బి మొలకెత్తుతుంది. ఆ తర్వాత రెండు వారాలు వాన మొహం చాటేస్తే నేల నెర్రెలిచ్చి మొలక మాడిపోతుంది. జూలై మూడో వారం దాటాక పత్తి మళ్లీ విత్తడం నష్టానికే దారితీస్తుందని తెలిసినా, అప్పిచ్చే దుకాణంలో దొరికేది పత్తి ప్యాకెట్టే అయినప్పుడు రైతు దాన్నే కొంటాడు. ఇది అతని తెలివితక్కువతనం కాదు, వేరే విత్తనం చేతికందకపోవడం. వాన ఆలస్యమైతే ఏ పంటకు మారాలో చెప్పే ప్రత్యామ్నాయ పంటల ప్రణాళికను హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ జిల్లాలవారీగా రూపొందించింది. సాళ్ల దూరం తగ్గించి ఆగస్టులో కంది, ఆగస్టు మధ్య వరకు ఆముదం, నేలలో మిగిలిన తేమతో యాసంగిలో శనగ, జొన్న వేసుకోవచ్చు. అయితే ఆ వారంలో, ఆ ఊళ్లో విత్తనం లేకపోతే ప్రణాళిక కాగితంగానే మిగులుతుంది.

దేశంలోని అనేక ప్రాంతాలకు పత్తి విత్తనం పండించి పంపే నడిగడ్డలో ఈ కొరత ఉండటం బాధాకరం. పత్తి పువ్వుకు పువ్వు చేత్తో సంకరం చేసే నైపుణ్యం ఉన్న ఇళ్లకు శనగ విత్తనం పెంచడం కష్టమేమీ కాదు, ఎందుకంటే శనగ స్వపరాగ సంపర్కంతో, అంటే తన పుప్పొడితోనే ఫలదీకరణం చెంది, రకం చెడకుండా ఏటేటా నిలుస్తుంది. వంద రోజులకు కోతకొచ్చే జేజీ-11 వంటి రకాలతో మొదలుపెట్టవచ్చు. ఎకరాకు 25 నుంచి 30 కిలోల గింజ పట్టే ఈ పంటలో విత్తనం ఖర్చే పెద్ద భారం కాబట్టి ఊళ్లోనే గింజ దాచుకోవడం మేలు, అందుకు దారి చూపినవారూ ఉన్నారు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు బూడిద, వేపాకు కలిపి గింజలను భద్రపరిచి, అవసరమైన ఇంటికి అరువిచ్చి, పంట వచ్చాక తిరిగి తీసుకునే విత్తన నిధులను దశాబ్దాలుగా నడిపిస్తున్నాయి.

కాబట్టి నడిగడ్డలోని ప్రతి సహకార సంఘం కంది, ఆముదం, శనగ, జొన్న విత్తన నిల్వను ఏర్పరచాలి. పట్టా లేని కౌలు రైతుకూ అందులో సమాన హక్కు ఉండాలి. తొలి ఏడాది నిల్వకయ్యే ఖర్చును ప్రభుత్వం భరించాలి. శనగ నూర్పిళ్లకు ముందే గ్రామసభలు ఈ తీర్మానం చేసి, ఏయే చేల గింజను విత్తనానికి వేరు చేయాలో నిర్ణయించాలి.