ఊపిరియు మెదడునీరును

కాన్పునకు పుట్టింటికి వచ్చిన కుమార్తె శస్త్రచికిత్సచే ప్రసవించి మూడు దినములైనది. లేచి కూర్చున్నచో తల పగులునట్లు నొప్పి, పరుండినచో నిమ్మళము. చలిగాలి సోకినదని పెద్దలు చెవులలో దూది పెట్టించిరి. ప్రాణాయామము చేసిన మెదడునీరు కదలి నొప్పి పోవునని పొరుగామె చెప్పినది. ఇందేది నిజమని సోదరి యొకతె మమ్మడిగినది.

పొరుగామె మాటలో సగము సత్యము కలదు. మెదడును వెన్నుపామును ఆవరించి నీటివలె స్వచ్ఛమైన ద్రవమొకటి యున్నది. పెద్దవారిలో నది సుమారు 150 మిల్లీలీటర్లు. దినమునకు 500 మిల్లీలీటర్లవరకు క్రొత్తది యూరుచుండ, పాతది రక్తములో కలియుచుండును. నూతిలో మునిగిన బిందె నీటిలో నున్నంతసేపు తేలికయనియు, పైకి వచ్చినతోడనే బరువగుననియు మన మెఱుగుదుము. అట్లే 1400 గ్రాముల మెదడు ఈ ద్రవమున తేలుచు 50 గ్రాములంత తేలికయై యుండును. పూర్వపు వైద్యులు శవమునకు ముందు తల నఱకి పిదప పరీక్షించెడివారు. నీరంతయు కాఱిపోయి వారి కంటబడలేదు. నేపుల్సు నగరమున దొమెనికో కొతూన్యో తల తీయక, కళేబరమును నిలువుగా నుంచి చూచి, 1764లో దీనిని వర్ణించెను.

ఇక ఊపిరి సంగతి. కపాలము మూతవేసిన యెముకల పెట్టె. అందు మెదడు, రక్తము, ఈ ద్రవము ఇఱికియుండును. ఒకటి తగ్గినచో వేఱొకటి యా చోటు నాక్రమింపవలెను. గాలి పీల్చునపుడు ఱొమ్ము విరిసి, లోని యొత్తిడి తగ్గి, మెడసిరలలోని రక్తము గుండెవైపు లాగబడును. వెలితియైన యా చోటికి వెన్నులోని ద్రవము పైకెక్కును. ఊపిరి విడిచినపుడు దిగును. 2015లో జర్మనీలోని గోటింగెనున ఎం.ఆర్.ఐ. యంత్రముతో నీ యాటుపోటులను కన్నులార చూచిరి. ఊపిరి బిగబట్టినపుడు గుండె కొట్టుకొనుటవలని చిన్న కదలిక మాత్రమే మిగిలెను. 2022లో అమెరికాలో యోగాభ్యాసమెఱుగనివారికి యోగశ్వాసలు నేర్పి చూడగా, కడుపునిండ లాగిన దీర్ఘశ్వాసతో వేగము హెచ్చెను. కాని వారందఱు ఆరోగ్యవంతులే! ఎవరి తలనొప్పియు నందు కుదుర్పబడలేదు.

ఈ బాలింతకు కొఱవడినది కదలిక కాదు, బహుశః ద్రవమే. వెన్నున మత్తుసూది వేసినపుడు ద్రవమును పొదివికొన్న పొరకు చిల్లిపడి, కొంత కాఱుచుండవచ్చును. కూర్చున్నపుడు నొప్పి, పరుండిన నెమ్మది యనునది దాని గుఱుతు. దూదిపై మాకు పగలేదు, చెవికి వెచ్చగా నుండును. కాని చిల్లిని దూదియు పూడ్చదు, దీర్ఘశ్వాసయు పూడ్చదు. తఱచుగా నది కొలది దినములలో దానంతట మానును. మానక బాధించుచో, ఆమె రక్తమునే కొంత తీసి వెన్నున నా చోట నెక్కించి చిల్లి మూయు చికిత్స కలదు. కావున మత్తిచ్చిన వైద్యునికి నేడే తెలుపవలెను. జ్వరము, మెడ బిగియుట, చూపు మసకబాఱుట, మూర్ఛ, కాలుసేతుల పట్టు తప్పుట కనబడినను, పరుండినను నొప్పి తగ్గకున్నను, గంటసేపైనను ఆగరాదు. కాన్పుపిమ్మట రక్తపుపోటు హెచ్చినను తలనొప్పి వచ్చును.

బిడ్డకు ప్రక్కకు తిరిగి పరుండియే పాలీయవచ్చును. కూర్చుండి యీయుమని యామెను బలవంతపెట్టకుడు.