ఇల్లు కట్టి చూడు... కర్టెన్ కట్టి చూడు!

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. హాల్ నుంచి బాల్కనీకి 18 అడుగుల అద్దం తలుపులు పెట్టే రోజులొస్తాయని వాళ్లకి తెలిసుంటే, ‘కర్టెన్ కట్టి చూడు’ అని ఇంకోటి కూడా చేర్చేవాళ్లు.

కోకాపేట, నార్సింగి వైపు కొత్త టవర్లు చూడండి. చాలా ఫ్లాట్లలో హాల్‌కి ఒకవైపు గోడే ఉండదు, అంతా అద్దమే. వ్యూ అదిరిపోతుంది. కాకపోతే ఎదుటి టవర్ వాళ్లకి మన హాల్ కూడా అంతే అదిరిపోయేలా కనబడుతుంది. అందుకే గృహప్రవేశం అయిన వారంలోనే అందరూ కర్టెన్ షాపుకి పరుగెడతారు. అక్కడ రంగు మీద రెండు గంటలు పోతాయి. దాన్ని ఏది మోస్తుందన్న దాని మీద రెండు నిమిషాలు కూడా పోవు.

ముందు బరువు లెక్కేద్దాం. కర్టెన్‌కి కుచ్చులు రావాలంటే వెడల్పుకి రెట్టింపు గుడ్డ కావాలి. అంటే 18 అడుగులకి 36 అడుగులు. ఎత్తు 9 అడుగులు అనుకుంటే దాదాపు 30 చదరపు మీటర్లు. చదరపు మీటరుకి 250 గ్రాములుండే మామూలు గుడ్డైనా ఏడున్నర కిలోలు. ఎండ ఆపడానికి వెనక అంతే బరువున్న బ్లాకవుట్ లైనింగ్ వేస్తే 15 కిలోలు. మన ఫ్లైట్ చెక్-ఇన్ బ్యాగేజీ అన్నమాట!

రెండు చివర్లా బ్రాకెట్లు పెట్టి అంత పొడుగు రాడ్ వేలాడదీస్తే మధ్యలో వంగిపోతుంది. ఇది రాడ్ క్వాలిటీ గొడవ ఒక్కటే కాదు. సమంగా పరిచిన బరువుకి వంపు, ఆధారాల మధ్య దూరానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. దూరం రెట్టింపైతే వంపు 16 రెట్లు. నేను సీఎస్ఈ బ్యాచ్, ఈ ఫార్ములా చెప్పింది మా మెకానికల్ రూమ్మేట్. పోనీ మధ్యలో ఇంకో బ్రాకెట్ పెడదామంటే మామూలు రింగులు దాన్ని దాటవు. అందుకే ఇంత వెడల్పుకి రాడ్ వద్దు, అల్యూమినియం ట్రాక్ కావాలి. రన్నర్లు ట్రాక్ లోపల నడుస్తాయి, బ్రాకెట్లు బయట పట్టుకుంటాయి. కాబట్టి ప్రతి రెండడుగులకీ ఒక బ్రాకెట్ పెట్టినా కర్టెన్‌కి ఏమీ అడ్డు రాదు.

మా ఇంట్లో ఇది నానమ్మ కోసం మొదలైంది. సాయంత్రం లైట్లు వేయగానే ఆవిడ లేచి లోపలి గదిలోకి వెళ్లిపోయేది. "నడివీధిలో మంచం వేసుకుని కూర్చున్నట్టుందిరా నాన్నా" అనేది. ఇల్లంతటికీ అద్దె కడుతున్నాం, హాల్లో మాత్రం ఆవిడకి చోటు లేదు.

ఫిట్టింగ్‌కి వచ్చినాయన ఫాల్స్ సీలింగ్‌కే స్క్రూలు కొట్టేస్తానన్నాడు. "అన్నా, అది జిప్సం బోర్డు కదా, లాగితే ఊడిరాదా?" అన్నాను. "అన్నిచోట్లా ఇట్లనే చేస్తున్నం సార్, ఏం కాదు" అన్నాడు. సరిగ్గా ఆ కిందే నానమ్మ దివాన్ కాట్. ఆ బోర్డు మందం సెంటీమీటరున్నర కూడా ఉండదు. పైగా కర్టెన్ మొత్తం ఒక పక్కకి లాగితే ఆ సగం బరువంతా చివరి రెండడుగుల మీదకే చేరుతుంది. ఇక రోజూ లాగుతుంటే స్క్రూ కన్నం పెద్దదవుతూ పోతుంది. అందుకే వద్దన్నాను.

దారి పక్కనే ఉంది. మా ఇంట్లో బాల్కనీ తలుపు మీద కాంక్రీట్ బీమ్ ఉంది. ఫాల్స్ సీలింగ్ జోలికి పోకుండా, ఆ బీమ్ ముఖానికే ఎల్ బ్రాకెట్లు బిగించమన్నాను. దీనికి హ్యామర్ డ్రిల్ తప్పనిసరి. బిట్‌కి ఇనుప చువ్వ తగిలితే బలవంతం చేయకుండా ఒక అంగుళం పక్కకి జరగాలి. డ్రిల్ పెట్టేముందు కరెంటు పైపులు ఎటు పోతున్నాయో కనుక్కోవాలి. లైన్ సరిగ్గా రావాలంటే కంటితో చూస్తే చాలదు, దారం పట్టి రసమట్టం పెట్టాల్సిందే. రెండు చివర్లా బ్రాకెట్లు ఇంకా దగ్గరగా, అడుక్కొకటి పెట్టించాను.

ఇంకో చిక్కు: 18 అడుగుల ట్రాక్ ఒకే ముక్కగా దొరికినా లిఫ్ట్‌లో పట్టదు. అతుకు తప్పదు. అతుకు దగ్గర రన్నర్లు తట్టుకుంటాయి. అయితే కర్టెన్లు మధ్యలో నుంచి రెండు వైపులకీ తెరుచుకునేవైతే చిన్న ఉపాయం ఉంది. 9 అడుగుల ముక్కలు రెండు తీసుకుని, అతుకు సరిగ్గా మధ్యలో వేయండి. ఎడమ కర్టెన్ ఎడమ ముక్కలోనే, కుడిది కుడి ముక్కలోనే తిరుగుతుంది. అతుకు దాటే పనే ఉండదు. దానికి అటూ ఇటూ మాత్రం ఒక్కో బ్రాకెట్ ఉండాలి.

ఇదంతా అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. ఫిట్టర్ అన్నకి అదనపు టైమ్‌కి అదనంగా ఇచ్చాను, అది న్యాయం. ఆ రాత్రి నానమ్మ సీరియల్ హాల్లోనే చూసింది.

మీరు అద్దె ఇంట్లో ఉంటే ఓనర్‌ని ముందే వాట్సాప్‌లో అడగండి. ఫోన్లో ‘ఓకే’ అన్న మాట, ఖాళీ చేసే రోజు అడ్వాన్స్ లెక్కల్లో ఎవరికీ గుర్తుండదు. పని పూర్తయ్యాక ఫిట్టర్‌ని అప్పుడే పంపకండి. రెండు కర్టెన్లూ చివరికంటా లాగి, అరగంట ఆగి, స్టూలెక్కి బ్రాకెట్‌కీ గోడకీ మధ్య చూడండి. అక్కడ గోరు దూరేంత సందు కనిపించినా మళ్లీ బిగించమనండి. డబ్బులు ఆ తర్వాతే.