తాళంచెవి మన కొంగుకే ఉండాలి

నా గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ మా ఇంట్లో ఎవరికి తెలియదు? మావారికి తెలుసు, పిల్లలకు తెలుసు, ఎప్పుడో ఫారం నింపిన నెట్ సెంటర్ అబ్బాయికీ తెలుసు. వంటింట్లో క్యాలెండర్ వెనక రాసి కూడా ఉంది. మరిచిపోయేది నేనొక్కదాన్నే!

ఈమధ్య ఫోన్ పాస్‌కీ పెట్టుకోమని అడిగింది. "నీకెందుకమ్మా అవన్నీ, పాతదే ఉండనీ" అన్నాడు మా అబ్బాయి. ఇక్కడ మనోహరాబాద్‌లో మా సంఘం ఆడవాళ్లను అడిగితే, "వేలిముద్ర ఎవరి చేతికి పోతుందో ఏమో" అన్నారు. ఈ రెండు మాటలతోనే నా పోట్లాట.

వేలిముద్ర ఎక్కడికీ పోదు, ఫోన్‌లోనే ఉంటుంది. పాస్‌కీ అంటే జంట తాళంచెవులు. ఒకటి కంపెనీ దగ్గర, రహస్యమైనది మన దగ్గర. మనం వేలు పెడితే ఫోన్ ఆ రహస్యంతో సంతకం చేసి పంపుతుందే తప్ప రహస్యాన్ని పంపదు. పైగా ఏ సైటుకు చేసిన పాస్‌కీ ఆ సైటులోనే పనిచేస్తుంది. దొంగ లింకు నొక్కి, అచ్చం గూగుల్‌లా కనిపించే పేజీలో పాస్‌వర్డ్ కొట్టామా, ఖాతా పోయినట్టే. పాస్‌కీ అక్కడ పలకనే పలకదు. మన కన్ను మోసపోయినా అది మోసపోదు. ఇదేం గాలికి వచ్చిన వింత కాదు. 2022 మే నెలలో ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ కలిసి ముందుకు తెస్తామన్న పద్ధతి. 2023 మే నుంచి గూగుల్ ఖాతాలకూ ఉంది.

"మరి ఫోన్ పోతే?" దొంగకు ఫోన్ దొరికితే చాలదు, లాక్ కూడా తెరవాలి. ఈలోగా మనం ఇంకో ఫోన్ నుంచి ఖాతాలోకి వెళ్లి ఆ పాస్‌కీని తీసేయొచ్చు.

అసలు లోపం వేరే ఉంది, అది మన ఇళ్లలోనే ఉంది. ఫోన్ లాక్ తెలిసినవాళ్లకు పాస్‌కీ కూడా చేతికి వచ్చినట్టే. మన లాక్ ఏమిటి? పిల్లల పుట్టినరోజు, లేదంటే 1234. మన ఫోన్‌లో అందరి వేళ్లూ ఉంటాయి. మరి వాళ్ల ఫోన్‌లో మన వేలు ఉందా? "నా ఫోన్‌లో పెడతాలే" అని కొడుకు అన్నాడంటే తాళంచెవి అతని జేబులోకి పోయినట్టే.

మా అమ్మ బీరువా తాళాలు కొంగుకు కట్టుకునేది. నాన్న అడిగినా, "ఏం కావాలో చెప్పు, నేను తీసిస్తా" అనేది. నాన్న మీద అనుమానంతో కాదు, ఆ బాధ్యత తనది కాబట్టి.

అందుకే అక్కలూ, ముందు లాక్ మార్చండి. మిగతావాళ్ల వేలిముద్రలు తీసేయండి. తర్వాత పాస్‌కీ మీ ఫోన్‌లోనే, మీ చేత్తోనే పెట్టుకోండి. పాత పాస్‌వర్డ్ ఇంకా పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి దాన్నీ మార్చండి. క్యాలెండర్ వెనక మాత్రం రాయకండి!