టెంటా, సత్రమా?
రామచంద్రపురం కుర్రాళ్ళు మారేడుమిల్లి బయల్దేరుతున్నారంటే బ్యాగులో ముందు పడేది టెంటే. దాని మీద నాకు కోపం లేదు; మన్యం మలేరియా సంగతి తెలిసినవాడెవడూ జిప్పున్న దోమతెరను కాదనడు. కానీ కాలినడక యాత్రకు నా ఓటు నలుగురూ కలిసి తలదాచుకునే కప్పుకే. శివరాత్రికి ఆత్మకూరు వైపు నుంచి నల్లమల దాటి శ్రీశైలం నడిచేవాళ్ళు నాగలూటి, పెద్దచెరువుల దగ్గర ఆగుతారు. అది పెద్దపులులు తిరిగే అడవి. అక్కడ ఒంటరిగా టెంటు వేసుకోవడం తెలివితక్కువతనం. గుంపులో గురకలుంటాయి, పక్కవాడి కాలు మన మీద పడుతుంది, నిద్ర సగమే, ఒప్పుకుంటాను. అయినా కాలు బెణికితే చూసే మనిషుంటాడు, వీపు మీద బరువూ తగ్గుతుంది. 2023 ఆగస్టులో అలిపిరి మెట్లదారిలో చిరుత ఆరేళ్ల పాపను పొట్టనపెట్టుకున్నాక టీటీడీ భక్తులను గుంపులుగా నడవమంది, చేతికి కర్రలిచ్చింది. మన డెల్టాలో ఇంకో చిక్కు: కార్తీకంలో ద్రాక్షారామం చుట్టుపక్కల ఎక్కడ మేకు దిగ్గొట్టినా కింద తడిమన్ను, పైన మంచు, తెల్లారేసరికి టెంటు లోపలంతా చెమ్మే. మారేడుమిల్లికి టెంటు పట్టుకెళ్ళండి, అటవీశాఖ చూపించిన చోటే వేయండి. దేవుడి దారిలో మాత్రం ఓ దుప్పటీ దోమతెరా పెట్టుకుని సత్రం అరుగెక్కండి.